ఉప్పు బయటే ఉండనీ

"ఏమేం గావాల్నో నువ్వే తీసి పెట్టుకో అమ్మా, అక్కోళ్ల ఇంట్ల నీ దినుసులు ఉంటయో ఉండయో" అని చెప్పి వాసుదేవ్ బండి తేవడానికి వెళ్లాడు. వెళ్లి ఎంతసేపైందో కుసుమాంబ గోడ గడియారం వైపు చూడలేదు, చూస్తే ముల్లు ఇంకాస్త తొందరగా కదులుతుందేమోనని ఆమె భయం. గ్యాస్ కట్టేసి ఉందో లేదో మాత్రం ఒకసారి చూసింది, రెండడుగులు వేసి మళ్లీ చూసింది. కట్టేసే ఉంది. దుకాణానికీ ఇంటికీ మధ్య తలుపు తెరిచి ఉంది, అవతల కోడలు ప్రగతి ఎవరికో మరాఠీలో శనగపిండి ధర చెబుతోంది, కాంటా మీద డబ్బా పెట్టిన చప్పుడు. ఎదురుగా గూట్లో సీసాలు, డబ్బాలు, జాడీలు. చంద్రపూర్‌కు వీటిలో ఏవి వస్తాయి, ఏవి ఇక్కడే ఉండిపోతాయి? మూడు నెలలే అమ్మా అన్నాడు వాసుదేవ్, అక్క ఇంటి పక్కనే ఆస్పత్రి, నీ తిండి వేరుగా వండి పెడుతుంది, ఇక్కడైతే దుకాణం చూసుకుంటూ ప్రగతికి రెండు వంటలు కాదు అన్నాడు. వేరుగా. ఆ మాట దగ్గర ఆమె మనసు పంటి కింద రాయి పడ్డట్టు ఆగిపోయింది. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఏం చేస్తారు, పొయ్యి వేరు పెడతారు. గోడ కట్టేది తర్వాత, భూమి కొలిచేది తర్వాత, ముందు పొయ్యి. మరి ముసలిదాని పొయ్యి వేరు పెట్టి, దాన్ని అడవి దారిలో, గుంతల్లో, అంత దూరం తీసుకుపోయి పెట్టడాన్ని ఏమంటారు, మూడు నెలలంటారా?

పోపుల డబ్బా మూత తీసింది. ఆవాలు. ఆవాలకు అడ్డు లేదంది చంద్రపూర్ డాక్టరమ్మ. జీలకర్రకు లేదు, మిరియాలకు లేదు, చిటికెడు పసుపుకు లేదు. వెల్లుల్లి తినొచ్చు, అల్లం ముక్క వేసుకోవచ్చు, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, నిమ్మరసం. ఆ పిల్ల మంచిదే, విసుక్కోకుండా మెల్లగా చెప్పింది, కానీ చెబుతున్నంతసేపూ కుసుమాంబ చెవులకు తినొచ్చన్నవి వినబడలేదు, తినొద్దన్నవే వినబడ్డాయి. ఉప్పు వద్దు. చింతపండు వద్దు. టమాట వద్దు. అప్పడం, వడియం, తొక్కులు, కొబ్బరి పొడి, పల్లీల పొడి, ఏవీ వద్దు. అంటే గూట్లో పై వరుస మొత్తం వద్దు. ఆ వరుసలో ఉన్నవన్నీ ఆమె చేతి మీద పుట్టినవే. మామిడికాయ తొక్కు జాడీకి వాసెన గుడ్డ కట్టింది ఆమె, చల్ల మిరపకాయలు డాబా మీద తిప్పి తిప్పి ఎండబెట్టింది ఆమె. ఇప్పుడు ఎదురుగా ఉన్నా పలకరించకూడని చుట్టాల్లా కూర్చున్నాయి. నిన్న అన్నం దగ్గర వాసుదేవ్ తొక్కు వేసుకుంటూ ఆమె చూస్తోందని జాడీని వీపు వెనక పెట్టుకున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ దాచడం రాదు. వీపు వెనక దాస్తే వాసన ఊరుకుంటుందా?

అసలు వాడు ఆమె ముఖం చూసి మాట్లాడి ఎన్నాళ్లయింది. ఆ ఉప్పు పాకెట్టు సంగతి బయటపడ్డ దగ్గర నుంచి. కోమట్ల ఇళ్లలో సంగతి బయటివాళ్లకు తెలియదు, దుకాణమంతా వాళ్లదే కాబట్టి మంచి మంచివి తింటారనుకుంటారు. మంచివి కొనేవాళ్లకు పోతాయి. ఇంటికి వచ్చేవి చిరిగిన పాకెట్లు, విరిగిన బిస్కెట్లు, పురుగు తాకిన పప్పు, తేమ పట్టి గడ్డకట్టిన బెల్లం. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి నలగని పాకెట్టు ఒక్కటి ఈ వంటింటి గడప దాటలేదు. భర్త నాగేశ్వర్ ఉన్నప్పుడు నవ్వుతూ అనేవాడు, మనం అమ్ముడుపోని సరుకు తిని అమ్ముడుపోయే సరుకుకు కాపలా కాస్తున్నం అని. అట్లాంటి ఇంట్లో, ఆమెకు కిడ్నీలు బాగా లేవని తెలిసిన వారంలో, వాసుదేవ్ అల్మారాలోంచి ముడత పడని, మెరిసే పాకెట్టు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. సోడియం తక్కువ ఉప్పు, మామూలు ఉప్పుకు ఎన్నో రెట్ల ధర. "ఇది గిరాకీలకు గాదమ్మా, నీకే." ముందు వైపు పెద్ద అక్షరాలు చదివి ఆమె కళ్లు తుడుచుకుంది. వెనక సన్న అక్షరాలు ఎవరు చదివారు? ఖరీదైంది కదా, కొడుకు తెచ్చింది కదా, మంచిది కదా అని కూరలో వేసింది, మజ్జిగలో వేసింది, ఉత్త అన్నం మీద కూడా చల్లుకుని తింది. తర్వాత కాళ్లు మొద్దుబారాయి, గుండె ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ మరిచిపోయినట్టు కొట్టుకుంది. సోడియం తగ్గించిన చోట పొటాషియం నింపుతారు ఆజీ, మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఇది మీకు మామూలు ఉప్పు కంటే ప్రమాదం, అని డాక్టరమ్మ మరాఠీలో అవ్వా అని పిలుస్తూ చెబుతుంటే వాసుదేవ్ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. దుకాణం పెట్టుకుని బతికే వాళ్లే చేస్తారు ఇట్లాంటి తప్పు. ఎక్కువ ధర ఉన్నది ఎక్కువ మంచిదని గిరాకీలకు చెప్పీ చెప్పీ చివరికి తామే నమ్మేశారు. అదృష్టం బాగుండి మందులతో పొటాషియం దిగింది. దిగిందని డాక్టరమ్మే అంది, తిండి ఇట్లాగే జాగ్రత్తగా ఉంటే రక్తం కడిగే యంత్రం మీద పెట్టే అవసరం ఇప్పట్లో లేదనీ అంది. ఆ మాట వాసుదేవ్ చెవికి ఎక్కలేదు. వాడికి ఆమె కనబడినప్పుడల్లా ఆ పాకెట్టు కనబడుతోంది, అందుకే ఆమెను కనబడని చోట పెట్టి రావాలని చూస్తున్నాడు. పాపం, వాడికే తెలియదు ఆ సంగతి.

సన్న అక్షరాలు. ఆమె చదవలేనిది కాదు. బడి మొహం చూడకపోయినా ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివింది ఆమే. పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు కిలోల లెక్కన వచ్చేవి, ప్రాణహిత నది అవతలి తెలుగు ఊళ్ల నుంచి పేపర్లు, ఇవతల చిత్తుకు అమ్మిన మరాఠీ బడి పుస్తకాలు. మధ్యాహ్నం గిరాకీ లేని పూట అక్షరం పక్కన అక్షరం పెట్టి, సబ్బు మీది బొమ్మను, దాని కింది పేరును కలిపి చూసి, ఎవరినీ అడగకుండా నేర్చుకుంది. అయితే కాగితం సగానికి కోసి ఉండేది, కథ మంచి పట్టులో ఉండగా చిరిగిపోయేది. ఆ పడవ ఒడ్డుకు చేరిందా, ఆ పిల్ల ఉత్తరం అందుకుందా, అవతలి సగంలో ఎవరో పావు కిలో చక్కెర మూటగట్టుకుని పోయారు. రాత్రి పడుకుని మిగతా సగం ఆమే అల్లుకునేది. ఆమె అల్లిన కథల్లో ఎవరూ ఎవరినీ విడిచి పోయేవారు కాదు. అవి కథలు. ఇక్కడ మాత్రం అందరూ పోయారు. వంతెన లేని రోజుల్లో నావలో ప్రాణహిత దాటి కాపురానికి వచ్చింది, అవతలి ఒడ్డున అమ్మ చీర రంగు తెలిసినంతసేపు చూసింది, తర్వాత రంగు కూడా తెలియలేదు. అమ్మ పోయినప్పుడు నది నిండుగా ఉంది, నావలు కట్టేశారు. ఒడ్డున నిలబడి అవతలి పొగ చూసింది. ఆ పొగ అమ్మదో, వేరే ఎవరిదో, ఇవాళ్టికీ తెలియదు, అమ్మదేనని ఏడ్చింది. కూతురు సరితను అప్పగించిన రోజు బస్సు కిటికీలోంచి చేయి ఊపితే దుమ్ములో ఆ చేయి కూడా కనబడలేదు. నాగేశ్వర్‌ను జీపులో పడుకోబెట్టి ఇదే చంద్రపూర్ దారి పట్టించారు. "చింతపండు గింజలు తీసేలోపల వస్త, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. గింజలు తీసింది, ఉండలు చేసింది, కుండలో పెట్టి మూత కట్టింది. జీపు వచ్చింది గానీ ఆయన కూర్చుని రాలేదు. ఆ దారి మనుషులను తీసుకుపోతుందే గానీ తెచ్చివ్వదు. ఇప్పుడు ఆమె వంతు అట. ఆలపల్లి దాటాక టేకు చెట్లు, ఆ చెట్ల కింద గుంతలు, బండి బోల్తా పడితే, దారిలో గుండె మళ్లీ దెబ్బ మరిచిపోతే, సరిత ఇంటి మూడో అంతస్తు మెట్లు తను ఎక్కలేకపోతే...

"సావుకారమ్మా! ఉన్నవా, పోయినవా?"

పెరటి తలుపు దగ్గర యాదక్క. నది ఒడ్డున వరి, కూరగాయలు పండించే ఆమె, నెత్తి మీద గంప, గంపలో లేత సొరకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర. వేళ్లకు మట్టి. రెండు రోజులకోసారి వచ్చి, కూరగాయలు దించి, చాయ్ తాగి, ఊరందరి సంగతులూ దించి పోతుంది.

"ఉన్నగని, ఇగ పోతున్న" అంది కుసుమాంబ. "బండి వస్తుంది."

"ఎరికే. ఊరంత ఎరికే. సావుకారమ్మను చంద్రపూర్ల పెడుతుండ్లు అంటున్నరు." యాదక్క గంప దించి చెంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వేమన్నవ్ మరి?"

"నేనేమంట. పిల్లలు చెప్పిండ్లు, సరే అన్న."

యాదక్క కళ్లు చిన్నవి చేసి చూసింది. "నువ్వేనా? కాంట కాడ గింజ తక్కువైతే నా అసుంటిదానితోని గడియ సేపు కొట్లాడినదానివి. సరే అన్నవా? ఉప్పు బంద్ చేసిండ్లని విన్న గని, రోషం గూడ బంద్ చేసిండ్లా ఏంది?"

నవ్వుతూ అంది, పళ్లన్నీ బయటపెట్టి, చాయ్ కోసం చూస్తూ. ఆమె నవ్వినా ఆ మాట కుసుమాంబకు సూదిలా దిగింది. ఉప్పూ కారం తింటున్నావా లేదా అని ఎంతమందిని అడిగింది తను ఈ నోటితో. బాకీ తీర్చని గిరాకీని అడిగింది, మాట పడి ఊరుకున్న మరిదిని అడిగింది, దెబ్బలు తిని ఏడుస్తూ వచ్చిన వాసుదేవ్‌ను చిన్నప్పుడు అడిగింది. రోషం ఉప్పులో ఉంటుందా? అయితే నెల రోజులుగా తన ఒంట్లో రోషం లేదన్న మాట. లేకపోతే ఈ వేడి ఏమిటి చెవుల్లో, ఈ చేతులు ఎందుకు ఇట్లా బిగుసుకుంటున్నాయి, ఎక్కడిది ఇది? ఉప్పుది కాదు. ఇది ఆమెదే. ఎవరూ బంద్ చేయలేనిది.

"ఆ సొరకాయ ఇటు తే" అంది.

"పోయేదానివి సొరకాయ ఏం జేస్తవ్?"

"వండుత. పచ్చిమిర్చి గూడ దించు. చాయ్ లేదు ఇయ్యాల, పో. రేపు రా, రెండు తాగుదువు."

"రేపా?" అంది యాదక్క. కుసుమాంబ సొరకాయ తీసుకుని పొయ్యి వైపు తిరిగింది. యాదక్క ఏమనుకుందో, గంప ఎత్తుకుంటూ కొత్తిమీర కట్ట ఇంకోటి తీసి గట్టు మీద పడేసి పోయింది.

గ్యాస్ వెలిగించింది. ఈసారి కట్టేసి ఉందో లేదో చూసే పని లేదు. సొరకాయ చెక్కు తీస్తుంటే చేతులకు తడి తగిలింది, చల్లగా, లేతగా. అన్నం పొద్దుననే వండి ఉంది. నూనె, ఆవాలు, చిటపటలు. ఈ చప్పుడు వినకుండా సరిత మూడో అంతస్తులో, ఇంకొకరు వండి తలుపు దగ్గర పెట్టిన గిన్నెలోది తిని, ఆమె బతకాలట. జీలకర్ర, వెల్లుల్లి దంచింది, అల్లం. మిరియాలు కచ్చాపచ్చాగా. చేయి అలవాటుగా ఉప్పు డబ్బా వైపు పోయింది, మూత మీద ఆగింది. ఇప్పుడు వేస్తే ఇది వాళ్ల కూర, వేయకపోతే తన కూర. రెండు గిన్నెలు, రెండు పొయ్యిలు. ఎందుకు? ఎందుకు రెండు? ఆమె మనసు దుకాణం అరుగు మీదికి పోయింది. రాత్రిళ్లు తలుపు వేసేటప్పుడు బియ్యం లోపలికి, పప్పు లోపలికి, నూనె డబ్బాలు లోపలికి పోయేవి. ఉప్పు బస్తా ఒక్కటే బయట అరుగు మీద ఉండేది. వానకు గోనె కప్పేవారు అంతే. ఉప్పు ఎవరూ ఎత్తుకుపోరు, తొందరపడి లోపలికి తెచ్చుకోవలసినదీ కాదు. కావలసినవాడు పొద్దున వచ్చి, తన కొలత తాను చెప్పి తీసుకుపోతాడు. ఎన్నేళ్లు ఉప్పు బయటే ఉండి దుకాణం నడిచింది! కూర కూడా నడుస్తుంది. వండేటప్పుడు బయట పెడితే సరి. గిన్నె ఒకటే, పొయ్యి ఒకటే, ఎవరి ఉప్పు వాళ్ల విస్తట్లో. వేరు పడాల్సింది ఉప్పు. తను కాదు.

అంత చిన్న సంగతి. ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు, అందరూ ఏడవడంలో ఉన్నారు.

పులుపు మాత్రం కావాలి. నాలుకకు ఒక గొడవ ఉండాలి. చింతపండు కుండ వైపు చూడలేదు. ఇనుప పెనం పెట్టి నూనె చుక్కలు వేసి పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బలు వేసింది, నల్ల మచ్చలు పడేదాకా అట్లాగే వదిలింది, ఘాటుకు దగ్గు వచ్చింది, కళ్లలో నీళ్లు వచ్చాయి, దగ్గుతూనే తిప్పింది. ఇది చామోర్షిలో ప్రగతి పుట్టింటివాళ్ల వంట, థేచా అంటారు. పెళ్లై వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఇష్టంగా నూరి పెడితే ఇదేం పచ్చడి అని పక్కకు నెట్టింది కుసుమాంబ. నానబెట్టేది లేదు, పులుపు లేదు, రెండు దెబ్బల్లో అయిపోయేది వంటా? ఆ పిల్ల మళ్లీ ఆమె ముందర ఎప్పుడూ చేయలేదు, ఒక్కతే ఉన్నప్పుడు చేసుకుని రొట్టెతో తినేది, గిన్నె వెంటనే కడిగేసేది. ఒకే ఇంట్లో ఆ పిల్ల కూడా ఇన్నేళ్లు వేరుగా తింది కదా. ఈ మాట ఇప్పుడు తట్టడమేమిటి. రోట్లో వేసి దంచింది.

చప్పుడుకు ప్రగతి దుకాణంలోంచి వచ్చింది. గడపలో నిలబడి వాసన పీల్చి, రోలు చూసి, అత్తను చూసి, నోటి మీద చేయి పెట్టుకుంది.

"అత్తమ్మా! మీరు థేచా నూరుతున్నారా?"

"నవ్వకు. మీ చామోర్షోళ్లకు చింతపండు దొరకక గిట్ల చేసుకుంటరనుకున్న. ఇప్పుడు నాకు గూడ దొరుకుతలేదు గద." రోకలి ఆపలేదు. "ఉప్పు వెయ్యలే. నిమ్మకాయ పిండుత. మంచిగుంటదా?"

"మా ఆజీ నిమ్మకాయే పిండేది" అంది ప్రగతి. ఆ తర్వాత వాకిట్లోని ప్రయాణపు సంచి వైపు చూసి, "బండి వస్తుంది గదా, ఇప్పుడు వంటేంది?" అంది.

"పీటలు వెయ్యి. ఉప్పు చిన్న గిన్నెల పోసి నడుమల పెట్టు."

బండి వచ్చింది. ముందు బ్రేకు చప్పుడు, తర్వాత హారన్, తర్వాత బండి నడిపే కిష్టన్న గొంతు, చీకటి పడకముందే అడవి దాటాలని. వాసుదేవ్ లోపలికి వచ్చి కంచాలు చూసి ఆగాడు. వాకిట్లో సంచి ఎట్లా పెట్టిందో అట్లాగే ఉంది, సగం ఖాళీగా. వాడు అడగకముందే కుసుమాంబ అన్నం పెట్టింది, కూర వేసింది, పక్కన గోరంత థేచా పెట్టింది. వాడు నిలబడే ఉన్నాడు, కూర్చో అంది, కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పు లేదమ్మా."

"నీ ముందట్నే ఉంది. తీసుకో."

వాసుదేవ్ గిన్నె వంక చూశాడు. ప్రగతి చిటికెడు తీసుకుని తన కంచంలో కలుపుకుంది. వాడు చేయి చాచలేదు. ఇంకో ముద్ద కలిపి అట్లాగే పట్టుకున్నాడు.

"ఇగ ఈ ఇంట్ల కూర గిట్లనే వండుత" అంది కుసుమాంబ. "అందరికి ఒక్కటే గిన్నె. ఉప్పు ఎవరిది వాళ్లు ఏసుకోండ్రి. తొక్కు జాడి నా ముందట్నే పెట్టుకొని తినుండ్రి, వీపెనక పెట్టకు, నేను ఏడ్వ. రక్తం పరీక్షకు ఈడ దవాఖాన్ల ఇస్త, చూపియ్యనీకె చంద్రపూర్ వస్త, చూపిచ్చుకొని మల్ల వస్త. ఉండనీకె రాను."

"మల్ల పెరిగితె?" వాడు ముద్ద కంచంలోనే వదిలాడు. "నేనే పెంచిన గద అమ్మా. నా చేతులతోనే గద ఇచ్చిన."

"ఇచ్చినవ్. ప్రేమతోని ఇచ్చినవ్, నేను ప్రేమతోని తిన్న. ఇద్దరం అక్షరాలు చూడలే. అయిపోయింది." ఆమె వాడి కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. "ఆ బాధ తీరెటందుకు నన్ను బండెక్కియ్యకు బిడ్డా. పెరిగితె నేనే చెప్త, అప్పుడు ఎక్కుత. ఇయ్యాలైతే ఎక్క."

వాసుదేవ్ ఆమె ముఖం చూశాడు. ఎన్నాళ్లకో చూశాడు. బయట మళ్లీ హారన్.

"కిష్టన్నా!" కూర్చున్న చోటునుంచే కేకేసింది. ఇంత గొంతు ఉందా తనకు. "బండి బంద్ చేసి రా, అన్నం తిను!"

కిష్టన్న గడప దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, సంకోచంగా వచ్చి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, "సావుకారమ్మా, కారం మంచి కడక్ ఉంది. కూర గూడ మంచిగనే ఉంది గని..." అని ఆగాడు.

"గని ఏంది? చెయ్యి లేదా నీకు? ఆడ ఉంది, ఏసుకో."

ప్రగతి ఫక్కున నవ్వింది. వాసుదేవ్ నవ్వలేదు గానీ తింటున్నాడు, ఉప్పు వేసుకోకుండానే తింటున్నాడు, మొండివాడు, కళ్లు తుడుచుకుంటూ కారానికన్నట్టు ముక్కు ఎగబీలుస్తున్నాడు. కుసుమాంబ తన కంచం దగ్గరికి లాక్కుంది. అన్నంలో థేచా అంటించి నాలుక మీద పెట్టుకుంది. ముందు మంట, దాని వెనక మాడిన వెల్లుల్లి, దాని వెనక నిమ్మ పులుపు. ఉప్పు ఉండే చోటు ఖాళీగా ఉంది, ఉంటే ఉండనీ, ఎవరో లేచిపోయిన పీట లాగా. అట్లాంటి పీటల మధ్య కూర్చుని తినడం ఆమెకు కొత్తా? తింది. ఇంకో ముద్ద తింది. చెమట పట్టింది, పట్టనీ.

ఫోను మోగింది. ప్రగతి చూసి, "సరిత వదిన" అని అత్త చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, బయలెల్లిండ్లా? అర్ర సాఫ్ చేసి మంచం వేసిన. ఎందాక వచ్చిండ్లు?"

"అన్నం కాడ ఉన్న."

"ఇంక ఇంట్లనేనా? చీకటి పడ్తది గద అమ్మా, అడవి..."

"నేను వస్తలేను. నువ్వే రా."

కుసుమాంబ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, వినబడేటట్టే నమిలింది.

"ఒట్టి చేతులతోని రాకు" అంది. "నిమ్మకాయలు పట్టుకరా. ఈ ఎండలకు ఈడ పిరమైనయి."

సరిత ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో అడిగింది. "ఎన్ని తేవాలె అమ్మా?"

"సంచి నిండ" అంది కుసుమాంబ.